మాటల్లేని నా ఆల్బం ఎవరికి చెందాలంటే

అక్కా, ఒరేయ్ డ్రమ్ములోడా, ఇది మీ ఇద్దరికే. ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యొద్దు. వీలునామా ఇలా మొదలెట్టాలంట: నాకు తెలివి బానే ఉంది, మత్తుమందు ఇంకా ఇవ్వలేదు, ఎవరూ బలవంతం చెయ్యలేదు. రేపు పొద్దున కడుపు ఆపరేషన్. చిన్నదే అన్నారు. మరి చిన్నదానికి నాన్న చేత అన్ని సంతకాలెందుకు పెట్టించుకున్నారో. అందుకే రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి, నా చదువు సంగతి తెలుసుగా.

1. గిటారు అక్కకి. వాయించవని తెలుసు. గోడకి తగిలించు, దాని మీద బట్టలు మాత్రం ఆరెయ్యకు. ఇదంతా అమలు చేసే పూచీ కూడా నీదే.

2. ఆల్బం నా ఫోన్లో ‘పొలం’ అనే ఫోల్డర్లో ఉంది. ప్రోగ్రెసివ్ రాక్ అంటారక్కా, పొడుగ్గా సాగే రాక్ సంగీతం. ఒక్కో ట్యూన్ పావుగంట. నీళ్లు పెట్టేది, గడ్డి కోసేది, వాన వచ్చేలా ఉండి రానిది, ఇలా. “మాటల్లేవేంట్రా, మూగ పాటలా?” అని బాబాయి నవ్వాడు. మాటలొస్తే నేను గిటారెందుకు పడతాను. వాటి మీద ఎవరూ పాట పాడకూడదు. ముఖ్యంగా బాబాయి.

3. హెడ్‌ఫోన్ నాన్నకి. ఒక చెవే పనిచేస్తుంది. నాన్న ఇంతవరకు ఒక్కటీ వినలేదు. వినమనడానికి నాకు మొహమాటం, వినిపించమనడానికి ఆయనకి మొహమాటం. వాన ట్యూన్ పెట్టివ్వు అక్కా. పక్కన నిలబడకు.

4. డ్రమ్ములోడికి నీళ్ల ట్యూన్లో వాటా లేదు. మా పొలం మోటారు ఏడు దెబ్బలు కొట్టి మళ్లీ మొదలెడుతుంది, ట్యూనూ అంతే. నువ్వు ప్రతిసారీ ఎనిమిదోది కొట్టావు. తప్పురా అంటే, “ముందు మీ మోటారు బాగుచేయించుకో పో” అని డ్రమ్స్ మీది ఇత్తడి సింబల్స్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయావు. నీ డ్రమ్స్ తీసేసి అక్కడ మోటారు చప్పుడే పెట్టా. అదలాగే ఉండాలి. ఇది కోపంతోనే రాస్తున్నా.

5. ఆఖరి ట్యూన్, పొలం నుంచి ఇంటికి నడిచొచ్చేది, అది మాత్రం నీకే. నువ్వొస్తావని నీ డ్రమ్స్‌కి చోటొదిలి వాయించా. రాలేదు. ఇప్పుడు వింటే ఎవడో ఒక్కడే నడుస్తున్నట్టుంది. అందులో ఎన్ని దెబ్బలైనా కొట్టుకో, ఏమీ అనను.

నేను లేచి తిరిగితే పైదంతా రద్దు. గిటారు నాదే.

తేదీ: ఆపరేషన్‌కి ముందురోజు, మధ్యాహ్నం

సంతకం: నేనే

సాక్షి 1: పక్క మంచం లారీ డ్రైవర్ గారు. చదవకుండానే సరే అన్నారు.

సాక్షి 2: ఇద్దరు లేకపోతే చెల్లదంట. నర్సక్క పెడతానంది, నేనే వద్దన్నా. ఒరేయ్ డ్రమ్ములోడా, సాయంత్రం ఆరింటి దాకా లోపలికి రానిస్తారు, రా.