ఓర్విల్ మామయ్య దారిచ్చాడు

అమ్మకు, నేను కులాసా. ఈ మెకంజీ నదికి ఇంకా చలి వదల్లేదు.

ఆదివారం, చేపలు పట్టడానికి ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగలు తప్ప వేరే ఎర ముట్టని పట్నం ఆసాముల్ని పడవలో తిప్పుతున్నాను. నాకు తెడ్డు పట్టడం నేర్పిన నీ తమ్ముడు ఓర్విల్ మామయ్య, తన పడవలోంచి వానపాము ఎరతో ట్రౌటు చేపలు పడుతూ ఎదురయ్యాడు.

"వానపాములాయన! ఆయన నీకు తెలుసా?" అని నవ్వారు వాళ్లు.

"ఎవరో లెండి" అని నేనూ నవ్వాను.

మామయ్యకు వినపడింది. గాలం చుట్టేసి, పడవ పక్కకు లాగి, "ముందు నీళ్లకింద బండుంది. ఎడమకు పోనియ్యండి బాబూ" అన్నాడు, ముక్కూమొహం తెలియనివాడితో అన్నట్టు. చిన్నప్పుడు ఆ బండను నాకు చూపించింది ఆయనే.

అటకమీది నా పాత గాలం కర్ర, రీలు పంపు. రానిస్తే ఆయన పడవలోనే కూర్చుంటాను. నీ మోకాలెలా ఉంది? చెల్లికి ముద్దులు.

మామయ్య ఉత్తరం రాస్తే నన్ను మెచ్చుకునే రాస్తాడు. నమ్మకు.

డెల్