ఎర్ర చొక్కాల మేనేజరూ, మా సరంగూ

ఫిబ్రవరి 3, మంగళవారం

బీపీ 160/100.

ఈ నోటుబుక్కు భానుప్రియ ఇచ్చింది. మా ఊరి ఆశా వర్కరు. మెషీను కూడా ఇంట్లోనే పెట్టిపోయింది. రోజూ చూసుకుని రాసిపెట్టు రాఘవమ్మత్తా, నోటితో చెబితే నువ్వు ఒకరోజు చచ్చిపోతుండానంటావు, ఒకరోజు ఏమీ లేదంటావు అంది. నేను చదివింది అయిదో తరగతి. అంకెలు రాశాక పేజీలో చాలా చోటు మిగిలిపోతోంది. ఖాళీగా ఎందుకని మిగతావి కూడా రాస్తున్నాను.

ఇవాళ ఒక తప్పు చేశాను. మాయన కళ్ళ సంగతి భానుప్రియకు చెప్పేశాను.

మాయన పోలేరయ్య, అయిదిళ్ళవాళ్ళు కలిసి కొన్న బోటుకు సరంగు. బోటు ఎటు పోవాలో, వల ఎక్కడ దించాలో, ఎప్పుడు లాగాలో ఆయన చెప్పిందే. ముప్పై ఒక్క ఏళ్ళుగా అంతే. ఇప్పుడు వల చివర కట్టే జెండా ఆయనకు కనపడటం లేదు. అదిగో మామా అని నరేంద్ర చూపిస్తే, అప్పుడు చూసినట్టు తల ఊపుతాడంట. నరేంద్ర ఆ బోటులోనే పనిచేస్తాడు, మంచివాడు. ఎవరికీ చెప్పొద్దత్తా అని నాకొక్కదానికే చెప్పాడు.

శుక్లాలైతే గూడూరులో ఆపరేషన్ చేయిస్తాను అంది భానుప్రియ. ఆయన వినడు అన్నాను. అంతా చెప్పేశాక గమనించాను, గడప దగ్గర రోజా కూర్చుని రొయ్యలు వలుస్తోంది. రోజా మా అన్న కోడలు. దాని మొగుడు సుకుమార్ అదే బోటులో ఉంటాడు.

విన్నదో లేదో. తల ఎత్తలేదు.

ఫిబ్రవరి 7, శనివారం. రాత్రి 8

వలలు బాగుచేసుకునే షెడ్డులో టీవీ ఉంది. శనివారం సాయంత్రం ఇంగ్లండు ఫుట్‌బాల్ వస్తే మగవాళ్ళంతా అక్కడే. సుకుమార్, శివ నాలుగేళ్ళు మద్రాసు కాశిమేడు హార్బరులో పనిచేసి వచ్చారు. వస్తూ ఎర్ర చొక్కాలు, ఈ పిచ్చి, రెండూ తెచ్చారు. మాయన కూడా వయసులో ఉన్నప్పుడు కాశిమేడులో బంతి ఆడినవాడే. ఇంక చెప్పేదేముంది.

ఎర్ర చొక్కాల టీము చాలా పెద్ద క్లబ్బంట. గెలిచిన కప్పులు పెట్టుకోవడానికే ఒక పెద్ద గది ఉందంట. ఇవాళ మళ్ళీ ఓడిపోయింది. మూడు-సున్నా. వరసగా అయిదోసారి.

మాయన అరిచిన అరుపు మా ఇంటిదాకా వినపడింది. ఆయన బీపీ ఎవరు చూస్తారు?

ఫిబ్రవరి 9, సోమవారం. సాయంత్రం

ఆ టీము మేనేజరును తీసేశారు. సాక్ చేశారు అంటున్నారు.

నాకు ఎట్లా తెలిసిందంటే, మధ్యాహ్నం ఢామ్మని పేలింది. గ్యాసు సిలిండరు అనుకుని వాకిట్లోకి పరిగెత్తాను. శివ షెడ్డు ముందర టపాకాయలు కాలుస్తున్నాడు. పీడ పోయింది అత్తో, ఇంక మనోళ్ళు గెలస్తారు అని నాకు మిఠాయి ఇచ్చాడు. నరేంద్ర తన ఎర్ర చొక్కా విప్పి, మడిచి, షెడ్డు మూల పాత వలల కింద దూర్చేశాడు. ఆయన లేని టీము నాకొద్దురా అన్నాడు. నీకొద్దంటే వాళ్ళేమన్నా దుకాణం మూసేస్తారా అని శివ. మూడేళ్ళ కిందట కప్పు తెచ్చినప్పుడు ఆయన ఫోటో ఫోనులో పెట్టుకునింది ఎవుర్రా అని నరేంద్ర. అది అప్పుడు అని శివ. ఇద్దరూ చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. ఒకడి ఒంటి మీద చొక్కా లేదు కాబట్టి సరిపోయింది.

సుకుమార్ మాత్రం అరవలేదు. పేరు గొప్పదైతే చాలదు, రిజల్ట్ కావాల అన్నాడు. నెమ్మదిగా అన్నాడు. నాకు అదే నచ్చలేదు.

మాయన వల కుడుతూ కూర్చుని, ఒరే, పదకొండు మంది ఆడి ఓడినారు, బయట నిలబడి చేతులూపినోడిదా తప్పు అన్నాడు.

అప్పుడు శివ, మరి బోటు ఉత్తదే తిరిగొస్తే ఎవురిది మామా తప్పు అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వారు. మాయన కూడా నవ్వాడు. ఇంటికొచ్చి అన్నం సగం వదిలేశాడు.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఆ మేనేజరుకు పెళ్ళాం ఉందా అని సుకుమార్‌ను అడిగాను. ఉండే ఉంటాది, నీకెందుకత్తా అన్నాడు. ఆమెకు ముందే చెప్పారా, లేక టీవీలో చూసి తెలుసుకుందా? ఎవరికీ తెలియదు. బీపీ 170/100.

ఫిబ్రవరి 11, బుధవారం. ఉదయం 6

మా ఊళ్ళో సరంగు తనంతట తాను బోటు దగ్గరికి పోడు. బోటువాళ్ళలో ఒకడు తెల్లవారుజామున వాకిట్లోకి వచ్చి, మామా, గాలి దిగింది, రా, అని పిలవాలి. పిలిస్తేనే లేస్తాడు. సముద్రంలో ఏదన్నా జరిగితే, తీసుకుపోయింది ఆయన కాదు, పిలిచింది మేము అని నలుగురూ ఒప్పుకోవడానికి పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి.

సరంగును మార్చాలంటే మీటింగు ఉండదు. ఎవరూ ఏమీ చెప్పరు. పిలుపు రాదు, అంతే.

మా మామ కూడా సరంగే, ఆయనకు అట్లాగే ఆగిపోయింది. భుజాన గుడ్డ వేసుకుని, ఎండ మొహం మీదికి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత ఒక ఏడాది బతికాడు. బతికాడంటే తిన్నాడు, పడుకున్నాడు.

పెళ్ళయి నలభై ఎనిమిదేళ్ళు. అన్నాళ్ళూ ఆ పిలుపంటే నాకు భయం. ఈ ఒక్కరోజు రాకుండా చూడు తల్లీ అని గంగమ్మకు మొక్కేదాన్ని. ఇప్పుడు నాలుగున్నరకే లేచి చెవులు వీధి వైపు పెట్టుకుంటున్నాను.

ఇవాళ నరేంద్ర పిలిచాడు. దేవుడా.

ఫిబ్రవరి 13, శుక్రవారం

వరసగా మూడో రోజు బోటులో బకెట్టెడు చిన్న కవళ్ళ చేపలు తప్ప ఏమీ లేవు. పక్క బోటుకు వంజరం పడింది.

షెడ్డుకు టీ తీసుకుపోయాను, మాయన అక్కడే ఉన్నాడనుకుని. లేడు. జెండా కనపడని మనిషిని నమ్ముకుని ఎంతకాలమని పొయ్యేది అంటున్నాడు సుకుమార్. నన్ను చూసి, టీ తెచ్చినావా అత్తా, ఇట్టియ్యి అన్నాడు. అందరూ తాగారు. నరేంద్ర తాగలేదు. తల వంచుకుని కూర్చున్నాడు.

నరేంద్ర చెప్పలేదు. నేను చెప్పాను. రోజా విన్నది. నా నోరే.

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. ఒక్కపొద్దు. బీపీ చూసుకోవాలంటే భయం.

ఫిబ్రవరి 16, సోమవారం. ఉదయం 9

పిలుపు రాలేదు.

నాలుగుకు లేచి అన్నం వండాను. చేపల పులుసు క్యారియర్‌లో పెట్టాను. అయిదయింది. అయిదుంబావు అయింది. ఒడ్డు మీద ఇంజను చప్పుడు వినపడింది. మన బోటు ఇంజను నాకు తెలుసు, చివర్లో దగ్గుతుంది. అది దగ్గి, దూరమైపోయింది.

ఆయన అరుగు మీద ఉన్నాడు. గుడ్డ భుజాన ఉంది. క్యారియర్ తెచ్చి లోపల పెట్టాలా, అక్కడే ఉంచాలా తెలియలేదు. ఉంచేశాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఇవాళా రాలేదు.

ఫిబ్రవరి 18, బుధవారం

నరేంద్ర వచ్చాడు. పిలవడానికి కాదు, ఫోను చూపించడానికి. ఆ మేనేజరు గ్రౌండు నుంచి వెళ్ళిపోతున్న వీడియో. చేతిలో ఒక అట్టపెట్టె. వంటగదిలో పనిచేసే ఆడవాళ్ళు వచ్చి కావలించుకుంటున్నారు. గేటు దగ్గర జనం. మొన్నటిదాకా దిగిపో దిగిపో అని అరిచినవాళ్ళు కూడా సెల్ఫీలు అడుగుతున్నారు. మాయన ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. కారు తోలేది ఎవురు, ఆయనేనా అని అడిగాడు. అవును మామా అన్నాడు నరేంద్ర. అయితే బాగుండాడు అన్నాడు.

నరేంద్ర పోయాక నేను ఉండబట్టలేక చెప్పేశాను. నీ కళ్ళ సంగతి బయట పెట్టింది నేనేనని. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును.

నువ్వు చెప్పింది అబద్ధమా మే అన్నాడు.

జెండా కంటితో జూసేది, సముద్రం అడుగు వేళ్ళతో జూసేది అన్నాడు. అది నిజం. తాడుకు సీసం గుండు కట్టి దించుతాడు. గుండు అడుగుకు రాసిన సబ్బు ముక్కకు మట్టి అంటుకుని వస్తుంది. దాన్ని వేళ్ళతో నలిపి, బోటు ఎక్కడుందో, కింద బురదో ఇసకో రాయో చెబుతాడు. మరి వాళ్ళకు ఆ మాట చెప్పలేదా అన్నాను. అడిగితే గదా అన్నాడు.

గూడూరు పోదాం, కళ్ళు చూపించుకుందాం అన్నాను. ఇంక బాగుపడి ఏం జూడాలంట అన్నాడు. అరుగు దిగడం లేదు. స్నానానికి కూడా పది సార్లు చెప్పాలి. మా మామ కూడా ఇట్లాగే మొదలుపెట్టాడు.

ఫిబ్రవరి 20, శుక్రవారం. సాయంత్రం, గూడూరు

తెల్లవారి నాలుగుకు లేచాను. అన్నం, పులుసు, క్యారియర్. వెనక తలుపు తీసుకుని, ఇంటి చుట్టూ తిరిగి వీధిలోకి పోయాను. ఎవరన్నా చూస్తే ఈ ముసలిదానికి మతి పోయిందనుకుంటారు. అనుకోనీ. వాకిట్లో నిలబడి పిలిచాను.

మామా, గాలి దిగింది, రా.

పెళ్ళయిన కొత్తలో ఆయన్ను మామా అనేదాన్ని. పిల్లలు పుట్టాక ఆ పిలుపు పోయింది. ఇంకోసారి పిలిచాను.

లోపల మంచం కిర్రుమంది. గుడ్డ భుజాన వేసుకుని, క్యారియర్ పట్టుకుని వచ్చాడు. నన్ను చూశాడు. పిలిచాక సరంగు రానని అనకూడదు.

బస్సు ఎక్కాక అడిగాడు, యాడికి మే అని. కళ్ళకి అన్నాను. దిగిపోతాడేమోనని కమ్మీ పట్టుకుని అడ్డంగా కూర్చున్నాను. భానుప్రియ ముందే ఫోను చేసి పెట్టింది. రేపు పొద్దున ఆపరేషన్.

ఫిబ్రవరి 23, సోమవారం

ఇంటికొచ్చాం. కుడి కన్ను అయింది. నల్ల కళ్ళద్దాలు ఇచ్చారు. నెల రోజులు తల వంచకూడదు, బరువు ఎత్తకూడదు, కంట్లో నీళ్ళు పడకూడదు. తుమ్మితే ఏమవుతుందని డాక్టరును మూడుసార్లు అడిగాను. ఆపరేషన్ ఆయనకు, తలనొప్పి నాకు. బీపీ 150/90.

ఫిబ్రవరి 26, గురువారం

ఇప్పుడు మన బోటుకు సుకుమార్ సరంగు. ఫోనులో మ్యాపు చూసి పోతున్నాడు. నిన్న వల పాత లాంచీకి తగులుకుంది. ఎప్పుడో మునిగిపోయిన లాంచీ అది, నీళ్ళ కింద ఉంటుంది. సగం వల చిరిగిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం వాకిట్లో నిలబడ్డాడు. పిలవలేదు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. చేపలు తెచ్చాడేమో అనుకున్నాను. మట్టి.

మామా, ఇది యాడిదో కాస్త చెప్పు అన్నాడు.

మాయన నల్ల కళ్ళద్దాలు తీయకుండానే కవరులో చెయ్యి పెట్టాడు. రెండు వేళ్ళతో నలిపాడు. లాంచీకి పడమరది, మట్టిలో ఇంత గుల్ల తగిలిందంటే వెనక్కి తిరిగుండాల అన్నాడు. ఫోన్లో అట్ట జూపియ్యలేదే మామా అన్నాడు సుకుమార్. ఫోనుకు వేళ్ళుండాయా అన్నాడు మాయన.

సుకుమార్ నిలబడే ఉన్నాడు. క్షమించు అనలేదు. ఈయన కూర్చోమనలేదు. పోతూ పోతూ వాడు, అత్తా, మందులు టైముకు వేస్తుండావా అని నన్ను అడిగాడు.

అరుగు మీద పడిన మట్టి నేను కడగలేదు.

ఫిబ్రవరి 28, శనివారం. రాత్రి 8

ఎర్ర చొక్కాలు మళ్ళీ ఓడాయి. నాలుగు-సున్నా. కొత్త మేనేజరు వచ్చాక ఒకటి గెలిచారు, రెండు ఓడారు. మాయన టీవీకి వీపు పెట్టి కూర్చుని వింటానని చెప్పి షెడ్డుకు పోయాడు. తల వంచుతాడేమోనని నేనూ వెంట పోయాను.

ఈ కొత్త మేనేజర్ని కూడా పీకెయ్యాల అని శివ మొదలుపెట్టాడు. టపాకాయలు ఇంకా మిగిలుండాయా అని నరేంద్ర ఎగతాళి చేశాడు. అప్పుడు సుకుమార్, నోరు ముయ్‌రా శివా, మూడాటలకే ఏం తెలస్తాది, మనిషి కుదురుకోవద్దా అని గట్టిగా అరిచాడు.

మాయన భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడని హడలిపోయి ముందుకు పోయి చూశాను. నవ్వుతున్నాడు.

మార్చి 5, గురువారం. తెల్లవారి 5

పిలుపు వచ్చింది. సుకుమార్ గొంతు. ఆయన కంటే ముందు నేను వాకిట్లోకి పరిగెత్తాను. ఇప్పుడు రాడు, కన్ను పచ్చిగా ఉంది, ఎడమ కన్నూ చేయించాలి, ఆ తర్వాత చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలు వేట నిషేధం ఉంది, అది తీసేసిన రోజు వచ్చి పిలువు అని చెప్పాను. గట్టిగా పిలువు అని కూడా చెప్పాను. నేనే చెప్పాను.

లోపలికొస్తే ఆయన గుడ్డ భుజాన వేసుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఏ తేదీ చెప్పినావు మే అని అడిగాడు.

జూన్ 15, సోమవారం అన్నాను.