అద్దం తలుపు కేబినెట్

తమ్మీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ నోటుబుక్కులోని గేమింగ్ కంప్యూటర్ విడిభాగాల లిస్టు పట్టుకుని నిన్న నాన్నా నేనూ ఖమ్మం వెళ్లాం. నువ్వు కింద రెండు గీతలు గీసుకున్న గ్రాఫిక్స్ కార్డే తీసుకున్నాం. మోచేతంత పొడవుంది.

"కేబినెట్ ఏది చూపియ్యాలె?" అన్నాడు షాపాయన.

నాన్న వెంట తెచ్చిన దుప్పటి మూట విప్పాడు. నువ్వు దవాఖానాలో ఉన్నప్పుడు లిస్టులో "కేబినెట్, అద్దం తలుపు" అని చదివి, వడ్రంగి కదా, టేకుతో చిన్న బీరువాలాంటిది చేశాడు. నీకు చూపించే వీలే కాలేదు. చూస్తే పడీపడీ నవ్వేవాడివి.

షాపాయన నవ్వలేదు. "కేబినెట్ అంటే గీ ఇనుప డబ్బా, పెద్దయ్యా. కర్రదాంట్ల గాలి ఆడదు, కార్డు వేడెక్కుతది" అన్నాడు. ఇనుపదే తీసుకుందామన్నాను. నాన్న వినలేదు.

ఈ పొద్దున సమాధి దగ్గర ప్రార్థన కాగానే సారపాకలోని మన ఇంటికొచ్చి, నాన్న ఆ టేకు బీరువా వెనక పలకకు కన్నాలు తొలవడం మొదలుపెట్టాడు. నాన్న పట్టు చూసి షాపాయన చివరికి, గాలికి మూడు కన్నాలు చాలన్నాడు. నాన్న పదకొండోది తొలుస్తుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ఇగ చాలు నాన్నా."

"ఉండు బిడ్డా, మంచిగ గాలి ఆడాలె."

చివరి రోజు నీ మంచం పక్కన కిటికీలన్నీ తెరుస్తూ కూడా ఇదే మాటన్నాడు.

నేను ఆయన చెయ్యి వదిలేశాను.

అక్క