పసుపు టేపుకు రెండు కొసలు

తానెగషిమా,
మార్చి 27

ఇబుకీ,

పొద్దున్నే తలుపు తీస్తే మా గుమ్మం ముందు నీ నీలం సైకిల్ నిలబడి ఉంది. తాళంచెవి దానికే వేలాడుతోంది. చీటీ లేదు, నువ్వూ లేవు. మా అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, రేపు వెళ్ళిపోతోందిగా, నగోయాలో ఇబుకీకి సైకిల్ అక్కర్లేదేమో అంది. నేను సీటు మీద చెయ్యి వేసి చూశాను. మంచుకు తడిసి ఉంది. అంటే చీకటితోనే వచ్చి ఉంటావు, నేను లేవకముందే వెళ్ళిపోవాలని.

ఉత్తరం మొదట్లో ఋతువును పలకరించాలని బడిలో నేర్పారు కదా. సరే, చెరకు కోతలు అయిపోవస్తున్నాయి. సముద్రం మీద గాలి మెత్తబడింది. నువ్వు కుశలమని తలుస్తాను. నేను కుశలమని రాయబోయి ఆగాను. ఈ మధ్య ప్రతి మాటనూ రాసేముందు నాలుక మీద పెట్టుకుని చూస్తున్నాను. ఆ మాట ఉప్పగా తగిలింది.

అక్టోబరు నుంచి మనకు మాటల్లేవు. జరిగినదంతా నా వైపు నుంచి ఒక్కసారి చెప్పనీ.

విమానాలు, రాకెట్ల ఇంజనీరింగులో ఫుకువోకా కాలేజీ మన బడికి ఇచ్చింది ఒకే ఒక్క సిఫారసు సీటు. బడి ఎవరి పేరు పంపితే వాళ్ళకే, పరీక్ష ఉండదు. ఒప్పుకున్నాక కాదంటే మరుసటేడు నుంచి బడికి ఆ సీటే ఉండదు. ఎవరెవరు పేరిచ్చారో మాస్టార్లు చెప్పరు, మనమూ ఒకరినొకరం అడగకూడదు. ఆ మర్యాదే మన కొంప ముంచింది.

చిన్నప్పుడు ఒడ్డున నిలబడి చూస్తుంటే, మన దీవి దక్షిణాన ఉన్న కేంద్రం నుంచి రాకెట్ లేచినప్పుడల్లా నా చెయ్యి పట్టుకునేదానివి. ఆ ఉరుము మనదాకా వచ్చేసరికి నీ గోళ్ళు నా చర్మంలో దిగి ఉండేవి. నీకు ఆ చదువు తప్ప ఇంకోటి పట్టదు. కానీ పరీక్ష హాల్లో కూర్చుంటే నీ పేరు కూడా నీకు గుర్తుండదు. సిఫారసు తప్ప నీకు దారి లేదు. అందుకే నగనో మాస్టారి దగ్గరికి వెళ్ళి, నా పేరు తీసెయ్యమన్నాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, తీశాక మళ్ళీ చేర్చడం కుదరదమ్మా అన్నారు.

ఆయన అలా ఎందుకు చూశారో తర్వాత తెలిసింది. నాకంటే ముందే నువ్వు వెళ్ళి నీ పేరు తీయించేసుకున్నావు. నాకు లెక్కలు బాగా వచ్చని, సీటు నాకే దక్కాలని.

చివరికి సీటు మన క్లాసు తాత్సుమాకి పోయింది. రాకెట్ ఎగిరే రోజున కూడా దుప్పటి తీయనివాడికి. మొన్న కనిపించి, ఇంతకీ అక్కడ ఏం నేర్పుతారే, విమానం తోలడమా అని అడిగాడు. అవున్రా, హారన్ కొట్టడం కూడా అన్నాను. పక్కన నువ్వుంటే పడీపడీ నవ్వేదానివి. నువ్వు లేవు కాబట్టి ఇంటికొచ్చి ఏడ్చాను.

బడిలో చెప్పుల అరల దగ్గర నువ్వన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

"నీ దయ ఎవరడిగారే? నేనేమైనా ముష్టికొచ్చానా?"

నేనూ ఊరుకోలేదు.

"మరి నువ్వు చేసిందేమిటే? దాన్నేమంటారు?"

అవే మన ఆఖరి మాటలు. నువ్వు ఎడమ చెప్పు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయావు.

నగోయాలో విమానాల రెక్కలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరుతున్నావని మీ అమ్మగారు చెప్పారు. నువ్వు బిగించిన రెక్క మీద ఎవరో ఎగురుతారు. నాకు గర్వంగానే ఉంది, కానీ ఆ రెక్కను గీయాల్సింది నువ్వు. నేను పరీక్ష రాసి ఫుకువోకాలోనే చేరుతున్నాను. నగోయా కాలేజీకి కూడా రాశానని, అక్కడ తప్పానని నీకు తెలిసే ఉంటుంది. అది విని మీ అమ్మగారు, పాసయ్యుంటే ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉండేవాళ్ళు కదే అని కళ్ళు తుడుచుకున్నారు.

కొత్త చోట పొద్దున అన్నం మానకు. చలికి ఓర్చుకోలేవు, మెడకు ఏదైనా చుట్టుకో.

ఇంకా అనుకోవచ్చంటే, నీ స్నేహితురాలు,
చినాత్సు

తా.క.: నగోయాలో నేను తప్పలేదు. అక్కడా పాసయ్యాను. ఈ సంగతి మా అమ్మకొక్కదానికే తెలుసు. అక్కడ చేరతానని చెప్పడానికి నిన్నటితో గడువు అయిపోయింది. సాయంత్రందాకా ఫోను పట్టుకుని కూర్చున్నాను, నొక్కలేదు. వస్తే, ఎందుకొచ్చావే అని నువ్వడుగుతావు. నీకోసమే అని చెప్పాల్సి వస్తుంది. అది విని నువ్వు మళ్ళీ వెళ్ళిపోతావు. నీకోసం ఒకటి వదిలి నిన్ను పోగొట్టుకున్నాను. నాకోసం ఒకటి, ఈ ఫుకువోకాని, పట్టుకుంటే, అంత దూరం నుంచైనా నా మొహం చూస్తావేమోనని ఆశ.

ఈ ఉత్తరం సాయంత్రం మీ పోస్టు డబ్బాలో వేస్తాను. రేపు పొద్దున నీ సైకిల్ మీదే ఓడరేవుకి వస్తాను, ఓడ ఎక్కేవాళ్ళకి వీడ్కోలుగా మన రేవులో పట్టుకునే కాగితపు టేపు, పసుపుది, ఒక చుట్ట తీసుకుని. నువ్వు ఓడ పైనుంచి ఒక కొస పట్టుకో, కింద రేవులో రెండోది నేను పట్టుకుంటాను. ఓడ కదిలాక ముందుగా నువ్వూ వదలొద్దు, నేనూ వదలను. ఈసారి దానంతటదే తెగాలి.