మూడు దినాలు చెప్పని పెట్రోల్ వాసన

మేడ్చల్, ఐతారం, 1943

బాపుకు మొగులయ్య దండాలు. నేను నడిపే దొర కారు కాలిపోయిందని ఎవలన్న చెప్తే నమ్మకున్రి, నేను మంచిగున్న.

మొన్న పొద్దుగాల చిన్న దొరసానికి నొప్పులొస్తే షామీర్‌పేట నుంచి సికింద్రాబాద్ దవాఖానకు తీస్కపోతున్న. దేవరయాంజాల్ కాడ ఇంజన్ ఆగింది, ఎంత తిప్పినా అందుకోలే. కారంత పెట్రోల్ వాసన. పక్కన కూసున్న చిన్న దొర సిగరెట్ నోట్ల పెట్టి అగ్గిపుల్ల తీసిండు. నేను ఆయన చెయ్యి మీద కొట్టిన.

"నన్నే కొడ్తవారా?" అన్నడు.

"దొరా, అగ్గి గీస్తే అందరం కాలిపోతం" అన్న.

దిగి చూస్తే కార్బరేటర్ పొంగి కారుతాంది. మూత ఇప్పి, లోపల పెట్రోల్ మీద తేలి, నిండంగనే ధార ఆపే ఇత్తడి డబ్బిని చెవి కాడ ఊపితే పెట్రోల్ చప్పుడైంది. చిల్లు పడి మునిగింది. దాన్ని రేడియేటర్ ఏడినీళ్లల్ల పెడ్తే చిల్లు కాడ బుగ్గలొచ్చినయ్. డబ్బిల పెట్రోల్ అంత ఒంపి, దొరసాని మూటల సబ్బు తీసి చిల్లుకు రుద్దిన. మళ్ల బిగిస్తే అప్పుడు కారు అందుకుంది. దవాఖానల ఆడపిల్ల పుట్టింది, ఇద్దరు మంచిగున్నరు.

బర్రె ఈనిందా? చెల్లె మైసమ్మకు జరం తగ్గిందా? అవ్వకు ఈ కార్డు సదివి చెప్పకున్రి, పరేషాన్ అయితది.

బాపూ, మీకొక్కరికే చెప్తున్న. అంతకు ముందు మూడు దినాల సంది ఆ వాసన వస్తనే ఉండె, పొద్దుగాల కారు జల్దీ స్టార్ట్ గాకపోతుండె. లడాయి వల్ల కూపన్ల మీద కొలిచిచ్చే పెట్రోల్ తరిగిందంటే నేనే అమ్ముకున్ననంటరని బయపడి దొరకు చెప్పలే. రేపు పెద్ద దొర రమ్మన్నడు. ఉన్నదున్నట్టు ఒప్పుకుంట. నౌకరి పోతే పోనీ, నేను నోరు మూసుకున్నందుకు తల్లీబిడ్డ పోయెటోళ్లు. నా మీద మీ దయ ఉండాలె.