ఎడమ బూటుకు పోసిన పాలు

తాండూరు,
కార్తీక మాసం.

చిరంజీవి మల్లేశ్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తున్నాను అని రాయాలి గానీ, నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు.

అడిగినవన్నీ చెబుతాను. మీ నాన్నకు నడుం నొప్పి తగ్గింది, మళ్లీ సిమెంటు ఫ్యాక్టరీ పనికి కరణ్‌కోట బస్సు ఎక్కుతున్నాడు. కంది పూతకొచ్చింది. బర్రె బాగానే ఇస్తోంది. మరి డెయిరీకి పాలు ఎందుకు తగ్గాయంటావా, అది తర్వాత చెబుతాను. ఆస్పత్రి రొట్టెలు నమలలేకపోతున్నావట. నా రొట్టెలకు వంకలు పెట్టేవాడివి కదా, బాగా అయింది!

ఇక ఎముక సంగతి. మందుపాతర నీ ఎడమ పాదాన్ని తీసుకుపోగా మోకాలి కింద మిగిలిన మొండిలో ఎముక కొమ్మలేసి పెరుగుతోందనీ, లోపలినుంచి తోలును పొడుస్తోందనీ, దాన్ని కోసేస్తే గానీ పెట్టుడు కాలు తొడగడం కుదరదనీ రాశావు. పేలుడులో కాళ్లు పోయినవాళ్లకు ఇట్లా అవుతుందని డాక్టరు అన్నాడట. పోయిన నెల ఫోన్‌లో నేను "మళ్ల కొయ్యనియ్యకు కొడుకా" అని ఏడ్చినందుకే నువ్వు సంతకం పెట్టకుండా ఆగావు. ఆ ఏడుపు వెనకున్నది ఫోన్‌లో చెప్పలేకపోయాను.

ఆషాఢంలో మిలిటరీ వాళ్లు పంపిన నీ ఇనప్పెట్టె ఇంటికొచ్చింది. అందులో నీ రెండో జత బూట్లు చూసి మీ మేనత్త రుక్కమ్మ, "పోయిన కాలును బొంద పెట్టకుంటె అది తిరుగుతనే ఉంటదే మొగులమ్మా. బూటన్న పెట్టు. మూడోనాడు పాలు పోసి, పో అని చెప్పి, ఎన్కకు సూడకుండ రా" అంది.

ఎడమ బూటును కందిచేని గట్టున పూడ్చాను. మూడో రోజు పాలు పోశాను. కానీ "పో" అనడానికి నోరు రాలేదు కొడుకా. "రా" అన్నాను. అప్పటినుంచి రోజూ చెంబెడు పాలు పోసి, "రా, నా కొడుకు దగ్గరికి రా" అని పిలుస్తూనే ఉన్నాను. డాక్టరు చెప్పిందే నిజమై ఉండొచ్చు. కానీ పిలిచింది నేను.

నిన్న మిట్టమధ్యాహ్నం పోయాను. చేలో గాలి లేదు. పాలు పోసి, "ఇగ పో తండ్రీ, నా కొడుకును ఇడిచిపెట్టు" అని నడిచాను. పది అడుగులు వేశానో లేదో, వెనక రాలిన ఆకుల మీద ఒంటి అడుగు చప్పుడు. నేను ఆగితే ఆగింది, నడిస్తే నడిచింది. మడమ కాస్త ఈడ్చి వేసే నీ నడక నాకు తెలియదా? గట్టు చివరిదాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఒక్కసారి తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంది.

చూడలేదు కొడుకా. ఇక సంతకం పెట్టు.

ఇట్లు,
నీ అమ్మ
మొగులమ్మ