తొలివానకి తొందరపడొద్దని

జూన్ మొదటి ఆదివారం, రాత్రి. అరోరా, అమెరికా.

ఈ ఏడు ఎల్‌నినో అని టీవీలో విన్నాను. అదేమిటని కాలేజీలో వాతావరణం చదివే మనవరాలిని అడిగాను. కేక్ ట్రేలో నీళ్లు పోసి, మిరియాల పొడి చల్లి, హెయిర్ డ్రయర్ పెట్టింది. పొడంతా అవతలి అంచుకు చేరింది.

"తాతా, ఇది పసిఫిక్. గాలి వెచ్చటి నీళ్లని ఏషియా సైడ్‌కి పుష్ చేస్తది. నీళ్లు వెచ్చగా ఉన్నకాడ రెయిన్ వస్తది."

డ్రయర్ తగ్గించింది. పొడి మెల్లగా వెనక్కి వచ్చింది. వెచ్చటి నీళ్లు అలా అమెరికా వైపు మళ్లితే గాలి ఇంకా నీరసిస్తుందట. గాలి నీరసిస్తే నీళ్లు ఇంకా మళ్లుతాయట. అప్పుడు మన వానలు వెనకబడొచ్చు.

"ఎవ్రీ టైమ్ కాదు తాతా. ఛాన్స్ ఎక్కువ, అంతే."

నాకు ఊళ్లో ఉన్న అన్న గుర్తొచ్చాడు. మృగశిర కార్తెలో తొలివాన పడితే చాలు, చేనంతా పత్తిగింజ పెట్టేస్తాడు. నాన్న నాటి ఆనవాయితీ. ఆపైన వాన మొహం చాటేస్తే మొలకంతా మాడిపోతుంది. ఆయనకున్నది ఆ చేనొక్కటే.

అన్నకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. ఇందాక ఫోన్ చేసి ట్రే సంగతంతా చెప్పాను. అక్కడ తెల్లారింది.

"ట్రేల నీళ్లు చూసి నాకు ఎవుసం చెప్తున్నవారా?" అని నవ్వాడు.

ఎప్పుడైనా అయితే సరేనని ఫోన్ పెట్టేసేవాణ్ణి. ఈసారి పెట్టలేదు.

"సగం చేన్లనే పెట్టన్నా. తక్కింది నేల మంచిగ తడిసినంక."

"సూద్దాం తీ" అన్నాడు.

అన్న నోట 'చూద్దాం' అంటే కాదనే అర్థం. కానీ గింజలింకా సంచిలోనే ఉన్నాయట. తొలివాన పడేదాకా రోజూ ఫోన్ చేస్తాను.